ఎవరినీ తీసెయ్యలేదు

మా బ్రాంచిలో కంప్యూటర్ వచ్చాక ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను, గర్వంగానే చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని, ఎవరు ఏ సీట్లో ఉండేవారో, వాళ్ల తర్వాత ఆ సీట్లోకి ఎవరొచ్చారో తలచుకుంటూ పోతే, ఆ మాట వెనక ఎంత మిగిలిపోయిందో అర్థమైంది.

నేను 1982లో బీఎస్ఆర్‌బీ, అంటే బ్యాంకులకి ఉద్యోగుల్ని ఎంపిక చేసే బోర్డు, పెట్టిన పరీక్ష రాసి తెనాలిలో ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్కుగా చేరాను. అప్పటికి మా వీధిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆడపిల్ల లేదు. డిగ్రీ పాసయ్యి, టైపు లోయర్ కట్టి, పోటీ పరీక్షల పుస్తకాలు లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదాన్ని. మా నాన్న ఎలిమెంటరీ స్కూల్ టీచరు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ వచ్చిన రోజు ఆయన దాన్ని ఇంట్లో పెట్టలేదు, చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చారు. కట్నం ప్రస్తావన లేకుండా సంబంధాలు రావడం కూడా ఆ కాగితం తర్వాతే మొదలైంది. ఒక క్లర్కు ఉద్యోగం ఒక ఇంటిని ఎంత మార్చగలదో నాకు పుస్తకాలు చెప్పాల్సిన పని లేదు.

మా బ్రాంచిలో ఆ రోజుల్లో ముప్పై మందికి దగ్గరగా ఉండేవాళ్లం. సేవింగ్స్ కౌంటర్లు, కరెంట్ ఖాతాలు, డిపాజిట్లు, డ్రాఫ్టులు, బంగారం లోన్లు, పంట రుణాలు, ఒక్కో దానికి ఒక్కో సీటు. కొల్లిపర నుంచి, దుగ్గిరాల నుంచి రైతులు వచ్చేవారు. నిమ్మకాయల వ్యాపారులు మార్కెట్ ముగించుకుని సంచులతో డబ్బు తెచ్చేవారు. ఆ నోట్లకి నిమ్మకాయ వాసన ఉండేది. నోట్లు లెక్కపెట్టే మెషిన్ అప్పుడు లేదు, క్యాషియర్ల వేళ్లు, తడి స్పాంజి, అంతే.

ఎవరైనా రెండు వందలు తీసుకోవాలంటే ఏం జరిగేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. మనిషి ఫారం నింపి, పాస్‌బుక్కుతో కలిపి నాకు ఇస్తాడు. నేను అంకె వేసిన ఇత్తడి టోకెన్ ఇస్తాను. లెడ్జర్ తెరిచి అతని పేజీ వెతికి, బ్యాలెన్స్ చూసి, రెండు వందలు తీసేసి, కొత్త బ్యాలెన్స్ వేసి, చిన్న సంతకం పెడతాను. పాస్‌బుక్కులో అదే మళ్లీ రాస్తాను. అటెండరు ఆ లెడ్జర్‌ని చంకలో పెట్టుకుని ఆఫీసర్ గారి దగ్గరికి మోసుకెళ్తాడు. ఆయన సంతకాల కార్డు తీసి ఫారం మీది సంతకంతో పోల్చి చూసి పాస్ చేస్తే, ఫారం క్యాషియర్ దగ్గరికి చేరుతుంది. ఆయన టోకెన్ నంబరు పిలుస్తాడు. పెద్ద రద్దీ రోజుల్లో ఇదంతా అయ్యేసరికి గంట. ఆ గంటలో జనం బెంచీల మీద కూర్చుని వానల గురించి, మినుము ధర గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకునేవారు. విసుక్కునేవారూ ఉండేవారు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది, ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు.

లెడ్జర్లు ఊరికే రాస్తే సరిపోదు, టాలీ చెయ్యాలి. బ్యాలెన్సింగ్ అనేవాళ్లం. ఒక్కో ఖాతా బ్యాలెన్స్ ఒక పుస్తకంలోకి ఎక్కించి, వందల పేజీల మొత్తం కూడి, అది జనరల్ లెడ్జర్‌లో, అంటే బ్రాంచి మొత్తం లెక్కల పుస్తకంలో ఉన్న అంకెతో కలిసిందో లేదో చూడాలి. చాలాసార్లు కలవదు. ఆ తేడాని డిఫరెన్స్ అంటాం. ఆ మాట వినగానే కడుపులో తిప్పేది.

డిఫరెన్స్ పట్టుకోవడంలో మా హెడ్ క్యాషియర్ గారు ఆరితేరినవారు. ముందు ఆ తేడాని తొమ్మిదితో భాగించమనేవారు. శేషం లేకుండా పోతే ఎవరో అంకెలు తారుమారు చేశారని అనుమానించాలి. 54 రాయాల్సిన చోట 45 రాస్తే తేడా 9. 540 బదులు 450 అయితే 90. తొమ్మిదితో పోకపోతే తేడాని సగం చెయ్యి, ఆ సగానికి సరిపోయే అంకె ఎక్కడుందో వెతుకు అనేవారు. ఎందుకంటే డెబిట్ వెయ్యాల్సింది క్రెడిట్ వేస్తే తేడా రెండింతలవుతుంది. కొన్నిసార్లు అర్ధరూపాయి తేడా కోసం రెండు మూడు రాత్రులు కూర్చునేవాళ్లం. "మా జేబులోంచి అర్ధరూపాయి వేస్తాం, వదిలెయ్యండి సార్" అని కుర్రాళ్లు అంటే ఆయనకి కోపం వచ్చేది. అర్ధరూపాయి తేడా వెనక వెయ్యి రూపాయలు ఎక్కువా, తొమ్మిది వందల తొంభై తొమ్మిదిన్నర తక్కువా అన్న రెండు తప్పులు దాక్కుని ఉండొచ్చు అనేవారు. ఒకసారి అలాగే బయటపడింది కూడా. నా దృష్టిలో అది గొప్ప విద్య. ఆ విద్య ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఏడాదికి రెండుసార్లు వడ్డీలు వెయ్యాలి. జూన్ ఆఖరున, డిసెంబరు ఆఖరున. అప్పట్లో బ్యాంకుల సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకే, 1989లో ఏప్రిల్-మార్చికి మారింది. కాబట్టి ఊరంతా కొత్త సంవత్సరం కేకులు కోస్తుంటే మేం బ్రాంచిలో రెడీ రెకనర్లు, అంటే వడ్డీ లెక్కల పట్టికల పుస్తకాలు, ముందేసుకుని కూర్చునేవాళ్లం. సేవింగ్స్ ఖాతా వడ్డీకి ఒక లెక్క ఉండేది. నెలలో పదో తేదీ నుంచి ఆఖరు తేదీ దాకా ఖాతాలో ఏ రోజు అతి తక్కువ డబ్బుందో, ఆ తక్కువ మొత్తం మీదే ఆ నెల వడ్డీ. ప్రాడక్టులు వెయ్యడం అనేవాళ్లం. ఆరు నెలలకి ఆరు అంకెలు తీసి, కూడి, దాని మీద వడ్డీ కట్టాలి. వేల ఖాతాలు, అన్నీ చేత్తోనే. అర్ధరాత్రి పులిహోర పొట్లాలు, ఫ్లాస్కుల్లో టీ. ఆడవాళ్లని మధ్యలో అటెండర్లు రిక్షాలో ఇంటికి దింపి వచ్చేవారు. పొద్దున్నే మళ్లీ వచ్చేవాళ్లం. ఆ అలసటలో ఒక తృప్తి ఉండేది, కాదనను. కానీ ఇంట్లో చంటిపిల్లాణ్ణి అత్తగారి చేతిలో పెట్టి వచ్చిన తల్లిగా ఆ రాత్రుల్ని నేను ప్రేమించానని మాత్రం చెప్పలేను.

మిషన్ల మాట అప్పటికే నలుగుతోంది. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు తమ ఆఫీసులోకి కంప్యూటర్ దిగకుండా అడ్డుకున్న కథ మా యూనియన్ పెద్దలు పురాణంలా చెప్పేవారు. 1983లో బ్యాంకుల యాజమాన్యాలకీ యూనియన్లకీ మధ్య యంత్రాల మీద ఒప్పందం కుదిరింది, అదీ ఎన్నో పరిమితులతో. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న సి. రంగరాజన్ గారి కమిటీ రిపోర్టు వచ్చింది. (తర్వాత ఆయనే మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు.) ఆ పేరు వింటే మా గేట్ మీటింగుల్లో నినాదాలు మారుమోగేవి. నేనూ నల్ల బ్యాడ్జి పెట్టుకున్నాను, నేనూ గొంతెత్తి అరిచాను. మా భయం మా గురించి కాదు, నిజంగా కాదు. నాయకుడు మైకులో అనేవాడు: "మనం పర్మనెంటు, మనకేం కాదు. మన పిల్లలకి ఈ తలుపు మూసేస్తారు!"

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆ మైకులోంచి వచ్చిన మాటల్లో అక్షరాలా జరిగింది అదే.

అయితే రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. 1969లో బ్యాంకుల్ని జాతీయం చేసేనాటికి దేశం మొత్తం మీద బ్రాంచీలు ఎనిమిది వేల పైచిలుకు. ఇరవై ఏళ్లలో అవి అరవై వేలకి చేరువయ్యాయి. పల్లెపల్లెకీ బ్యాంకు వచ్చింది, ఖాతాలు పెరిగాయి, రుణాలు పెరిగాయి. చేత్తో రాసే లెక్క ఆ బరువు మొయ్యలేకపోయింది. మా బ్రాంచిలోనే బ్యాలెన్సింగులు నెలల తరబడి పెండింగ్ పడి ఉండేవి. వేరే ఊరి బ్రాంచితో లెక్కలు ఏళ్ల తరబడి తెగేవి కావు. ఆ పెండింగుల చాటున మోసాలు చేసేవాళ్లకి అది పండగ. యంత్రం రావాల్సిందే. ఈ మాట యూనియన్ మీటింగులో అనే ధైర్యం అప్పట్లో ఎవరికీ లేదు గానీ, వడ్డీలు వేసే ఆ క్లోజింగ్ రాత్రుల్లో ఒకళ్లతో ఒకళ్లం అనుకునేవాళ్లం.

మా బ్రాంచికి మొదట వచ్చింది ఏఎల్‌పీఎం, అంటే మేం లెడ్జర్లో చేత్తో రాసే లెక్కలు ఎక్కించే కంప్యూటర్ మిషన్. దానికోసం ఒక మూల అద్దాల గది కట్టారు. మేనేజర్ గదిలో కూడా లేని ఏసీ దానికి పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. పల్లెటూరి రైతులు అద్దంలోంచి చూసి దణ్ణం పెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఆపరేటర్‌కి స్పెషల్ అలవెన్సు ఉండటంతో, నినాదాలు ఇచ్చిన మేమే సీనియారిటీ లిస్టులో మా పేరు ఎక్కడుందో చూసుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. టైపు నేర్చుకున్న వేళ్లు కదా, కీబోర్డు తేలిగ్గానే వచ్చింది.

మొదటిసారి బ్యాలెన్సింగ్ ప్రింటు తీసిన సాయంత్రం బాగా గుర్తుంది. డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కీచుమంటూ చిల్లుల కాగితం కక్కుతోంది. హెడ్ క్యాషియర్ గారు పక్కన నిలబడి ఉన్నారు. ఆఖరి పేజీలో మొత్తం వచ్చింది. జనరల్ లెడ్జర్‌తో కలిసింది. ఆయన నమ్మలేదు. పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి చేత్తో కూడటం మొదలుపెట్టారు. మేం నవ్వలేదు. ఆయన కూడికా కలిసింది. పెన్సిల్ జేబులో పెట్టుకుని, "బాగుందమ్మా, ఇక మీరు పొద్దుపోకముందే ఇళ్లకి వెళ్లొచ్చు" అన్నారు. ఆ తర్వాత నేను ఆరు గంటలకల్లా ఇల్లు చేరాను. మా వాడి హోంవర్క్ పక్కన కూర్చుని చూసే అదృష్టం నాకు ఆ మిషనే ఇచ్చింది. ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది.

తొంభైల ఆఖరుకి పరిస్థితి వేగం పుంజుకుంది. బ్యాంకుల వ్యాపారంలో 70 శాతం 2001 జనవరి ఒకటికల్లా కంప్యూటర్ మీదికి రావాలని ప్రభుత్వ సంస్థల్లో అవినీతి మీద నిఘా పెట్టే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ నుంచి ఆదేశం వచ్చింది. దాంతోపాటే సిబ్బంది ఎక్కువయ్యారన్న చర్చ. 2000-01లో వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిపి లక్ష మంది దాకా వెళ్లిపోయారు. మా బ్రాంచిలో ఐదుగురు. ఎవరి కారణం వాళ్లది. ఒకరికి కూతురి పెళ్లి, ఒకరికి అప్పు, ఒకరికి మిషన్ దగ్గర కొత్త కుర్రాళ్ల ముందు తడబడటం నచ్చలేదు. ఆ ఆఖరాయన మా డ్రాఫ్టుల సీటు. దస్తూరి ముత్యాల్లా ఉండేది. డ్రాఫ్టులు ప్రింటర్‌లోంచి రావడం మొదలయ్యాక ఆయన చేతికి పని లేకుండా పోయింది. సెండాఫ్‌లో ఆయన మాట్లాడలేదు. చెక్కు తీసుకుని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లారు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు. స్వచ్ఛందం అని కాగితం మీద ఆయనే సంతకం పెట్టారు. స్వచ్ఛందం అన్న ఆ మాట నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

అదే 2001లో బీఎస్ఆర్‌బీలని రద్దు చేశారు. నన్ను ఉద్యోగంలోకి తెచ్చిన సంస్థ అది. పేపర్లో ఒక మూల చిన్న వార్తగా చదివాను. ఆ తర్వాత చాలా ఏళ్లు మా బ్రాంచిలోకి కొత్త క్లర్కు అడుగుపెట్టలేదు. ఒకరు రిటైరైతే ఆ కుర్చీ కొన్నాళ్లు ఖాళీగా ఉండేది, తర్వాత ఫైళ్లు పెట్టుకునేవాళ్లం, ఆ తర్వాత కౌంటర్ రీమోడల్ చేసినప్పుడు కుర్చీ పెట్టే చోటే ఉండేది కాదు. ఉద్యోగం పోవడం అంటే మనకి తెలిసింది ఒకటే, మనిషిని పిలిచి రేపట్నుంచి రావొద్దనడం. అలా జరిగితే ధర్నా చేస్తాం, కోర్టుకి వెళ్తాం, పేపర్లో వస్తుంది. కానీ ఇంకా అప్లికేషన్ కూడా పెట్టని ఇంటర్మీడియట్ పిల్ల తరఫున ఎవరు ధర్నా చేస్తారు? తనకి రావాల్సింది ఏదో రాకుండా పోయిందని ఆ పిల్లకే తెలియదు. మా ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే మేం "కాలం మారింది" అనుకున్నాం తప్ప, ఆ టకటకల వెనక ఎన్ని మధ్యతరగతి ఇళ్ల ఆశలున్నాయో లెక్క వెయ్యలేదు. అర్ధరూపాయి కోసం రాత్రంతా వెతికిన వాళ్లం మేం!

తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చింది, అంటే అన్ని బ్రాంచీల ఖాతాలూ ఒకే చోట కంప్యూటర్‌లోకి చేరాయి. బ్రాంచి ఖాతాదారు కాస్తా బ్యాంకు ఖాతాదారు అయ్యాడు. హైదరాబాద్‌లో కొడుకు వేసిన డబ్బు తెనాలిలో తల్లి అప్పటికప్పుడు తీసుకునేది. అంతకుముందు మెయిల్ ట్రాన్స్‌ఫర్ అంటే వారం, డ్రాఫ్టు అంటే కమిషను, రిజిస్టర్డ్ పోస్టు, టెన్షన్. వడ్డీ లెక్క కూడా మారింది. 2010 ఏప్రిల్ ఒకటి నుంచి సేవింగ్స్ ఖాతాకి ఏ రోజు ఎంత ఉంటే ఆ రోజుకి అంత మీద వడ్డీ. ఇది ఎంత పెద్ద మార్పో చెప్తాను. పాత పద్ధతిలో ఒక పెద్దాయన ఖాతాలో నెలంతా పదివేలుండి, 29వ తేదీన ఆసుపత్రికని తొమ్మిది వేలు తీస్తే, ఆ నెల వడ్డీ వెయ్యి రూపాయల మీదే వచ్చేది. 5 శాతం రోజుల్లో అయితే రోజువారీ లెక్కన దాదాపు ముప్పై తొమ్మిది రూపాయలు రావాల్సింది నాలుగు రూపాయలు. అవసరం పడి డబ్బు తీసే బీదవాడికే ఆ దెబ్బ తగిలేది. చేత్తో రోజువారీ లెక్క వెయ్యడం మా వల్ల కాదు కాబట్టి, ఆ నష్టం దశాబ్దాల పాటు వాళ్లు భరించారు. యంత్రం దాన్ని సరిచేసింది. ఇంత మంచి పని మా చేతులు ఎన్నటికీ చెయ్యలేకపోయేవి.

అందుకే నేను యంత్రాన్ని తిట్టను. నా బాధ వేరే చోట ఉంది. దాని వల్ల మిగిలిన డబ్బు, మిగిలిన సమయం ఎవరికి చేరాయి అన్నది నా బాధ.

లెడ్జర్లు మోసిన మా అటెండర్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఏ ఖాతా ఏ లెడ్జర్‌లో ఉందో మాకంటే ఆయనకే బాగా తెలుసు, చదువు ఐదో తరగతే అయినా. ఆయన పర్మనెంటు, పెన్షన్‌తో రిటైరయ్యాడు, పిల్లలకి సొంతిల్లు కట్టి ఇచ్చాడు. ఆయన కొడుకు డిగ్రీ చదివాడు. మా బ్రాంచిలోనే టెంపరరీగా కొన్నాళ్లు నీళ్లు పెట్టాడు, కాగితాలు అందించాడు. పర్మనెంటు చేస్తారని చూశాడు. పోస్టు లేదన్నారు. ఏటీఎం పెడితే దాని ముందు గార్డుగా ఏజెన్సీ ద్వారా కుదిరాడు. పన్నెండు గంటల డ్యూటీ, పండగ సెలవు లేదు, జీతం ఆ ఏజెన్సీ చేతిలోంచి వచ్చేసరికి ఎంత మిగిలితే అంత. కొన్నేళ్లకి కెమెరాలూ సైరన్లూ పెట్టి దూరం నుంచే చూసుకునే పద్ధతి వచ్చింది, గార్డుల్ని తగ్గించారు. తండ్రి ఐదో తరగతితో ఇల్లు కట్టాడు. కొడుకు డిగ్రీతో అద్దె కడుతున్నాడు. దేశం ఈ మధ్యలో ఎంతో ముందుకెళ్లింది, అదీ నిజమే.

కొత్త ఉద్యోగాలు రాలేదా అంటే వచ్చాయి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో మన తెలుగు పిల్లలే ఎంతమందో. మా వాడూ బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీదే హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు. 2006 నుంచి బ్యాంకులు ఊళ్లలో తమ తరఫున పని చేసే కరస్పాండెంట్లని పెట్టుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు అనుమతిచ్చింది, ఇప్పుడు పల్లెల్లో చిన్న మిషన్ పట్టుకుని వేలిముద్ర వేయించుకుని ఖాతాల్లోంచి డబ్బులిచ్చేది వాళ్లే. మేం కౌంటర్‌లో చేసిన పనే వాళ్లు అరుగు మీద చేస్తున్నారు. తేడా ఏమిటంటే వాళ్లకి జీతం కాదు, కమీషన్. పొలం పనుల్లో అరిగిపోయిన వేలికి ముద్ర పడకపోతే అటు ముసలమ్మకి డబ్బు లేదు, ఇటు కరస్పాండెంటుకి కమీషన్ లేదు.

మా అక్క మనవరాలు నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటోంది. తెల్లారకముందే లేచి మాక్ టెస్టులు రాస్తుంది. సెకన్లలో లెక్కలు చేస్తుంది, నేను పేపరు చూస్తే సగం ప్రశ్నలు నాకు అర్థం కాలేదు. నేను రాసిన పరీక్ష దీని ముందు ఎంత సులువో! అంత కష్టపడి తను సంపాదించబోయే కుర్చీ కూడా నాకు దొరికినంత నిలకడైనది కావాలని నా కోరిక.

పోయిన నెల మా పాత బ్రాంచి నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. యూనియన్‌లో చురుగ్గా ఉంటాడు. ఏఐ వస్తోంది, లోన్ పేపర్లు చూడటానికి, కస్టమర్లకి జవాబులివ్వటానికి వాడతామంటున్నారు, పాత రోజుల్లో మీరు ఒప్పందంలో ఏం రాయించుకున్నారు అక్కా అని అడిగాడు. ఉన్నవాళ్లని తొలగించకూడదని పట్టుబట్టాం అని చెప్పాను. అది చాలదని కూడా చెప్పాను. మిషన్ వద్దని అనకండి, ఆ పోరాటం మేం చేసి చూశాం. రిటైరయ్యే ప్రతి ఒక్కరి పోస్టూ ఏమవుతోందో ఏడాదికోసారి లెక్క చెప్పమని అడగండి, బయట కమీషన్ మీద పని చేసేవాళ్లకి కనీస జీతం రాయించండి, మిషన్ మీద మిగిలిన ఖర్చులో ఎంత భాగం కొత్తవాళ్లని తీసుకోవడానికి పెడతారో అంకె వేయించండి అన్నాను.

"ఒక్క నిమిషం అక్కా, మొదటిది మళ్లీ చెప్పు, రాసుకుంటున్నాను" అన్నాడు.